ముప్ఫై ఒక్క కత్తులు, ఒక్కటే గడ్డం

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు చేతికి రూ.1.15 లక్షలు వస్తుంది. నిజాంపేటలో ఫ్లాట్ ఉంది, దాని ఈఎంఐ రూ.38,000. ఇంటి ఖర్చులు రూ.48,000 దాకా, ఆరేళ్ల పాప స్కూలుకు నెలకు రూ.9,000 పడుతుంది. మూడేళ్ల కిందట స్ట్రెయిట్ రేజర్‌తో, అంటే పాతకాలపు మడత కత్తితో, గడ్డం గీసుకోవడం నేర్చుకున్నాను. ఒక జర్మన్ కత్తితో మొదలుపెట్టాను, ఇప్పుడు 31 ఉన్నాయి. ఎక్కువ భాగం విదేశీ వేలాల్లో కొన్న పాతవే. లెక్క వేస్తే రూ.3.4 లక్షలు అయింది. మొన్నటి పార్శిల్‌కు కస్టమ్స్ సుంకం, కొరియర్ చార్జీ కలిపే రూ.3,100 కట్టాను. క్రెడిట్ కార్డు బాకీ రూ.1.42 లక్షలు, నాలుగు నెలలుగా మినిమమ్ డ్యూ కడుతున్నాను. నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే రూ.10,000 సిప్ ఆపేశాను. నాలుగు పార్శిళ్లు ఇంకా విప్పలేదు. ఎనిమిది కత్తులకు తుప్పు వదిలించాలి. మా ఆవిడకు పూర్తి లెక్క తెలియదు. పాత కత్తుల ధరలు పెరుగుతాయి కాబట్టి ఇది ఒకరకం పెట్టుబడే అనుకుంటున్నాను, పైగా బ్లేడ్ల ఖర్చు మిగులుతోంది. అయినా ఎక్కడో తప్పు జరుగుతోందని అనిపిస్తోంది. స్పెయిన్‌లో తయారైన ఫిలార్మోనికా కత్తి ఒక్కటి కొని ఆపేద్దామనుకుంటున్నాను. సలహా ఇవ్వగలరు.

జవాబు: ఆ ఫిలార్మోనికా కొనకండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

మీరు రాసిన అంకెల్లో నన్ను ఆపింది ఆ నాలుగు పార్శిళ్లు. కత్తి మీద మోజుతో కొన్నవాడు కొరియర్ అబ్బాయి లిఫ్టు దిగకముందే డబ్బా చించేస్తాడు. మీరు విప్పలేదంటే మీకు కావలసింది పార్శిల్ రాకముందే దొరికేసిందన్నమాట. అమెరికాలో ఆదివారం సాయంత్రం ముగిసే వేలాలు మనకు సోమవారం తెల్లవారుజామున ముగుస్తాయి. అలారం పెట్టుకుని లేవడం, చివరి నిమిషంలో ధర పెంచడం, ‘మీరు గెలిచారు’ అని మెయిల్ రావడం. ఆ పది నిమిషాల కోసమే మీరు డబ్బు పెడుతున్నారని నా అనుమానం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కొందరికి చీరలు, కొందరికి ఫోన్లు, కొందరికి షేర్ల ట్రేడింగ్. కానీ ఏ ఖర్చును అదుపులో పెట్టాలో తెలియకపోతే ఎన్ని బడ్జెట్లు రాసుకున్నా నిలవవు. అందుకే ‘ఆ ఒక్కటి కొని ఆపేస్తాను’ అంటే నేను నమ్మను. ఫిలార్మోనికా తయారీ ఎప్పుడో ఆగిపోయింది, అందుకే దానికి అంత గిరాకీ. అది చేతికొచ్చాక ఆగిపోయిన ఇంకో కంపెనీ పేరు మీ కంట పడుతుంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో, జర్మనీలోని జోలింగెన్‌లో, స్వీడన్‌లో మూతబడ్డ కత్తుల కార్ఖానాలకు కొదవే లేదు.

పెట్టుబడి అన్నారు కాబట్టి దాని సంగతి చూద్దాం. గడ్డం గీసుకునే ప్రతి ఇంట్లోనూ ఒకప్పుడు ఈ కత్తి ఉండేది. బ్లేడు మార్చుకునే జిలెట్ సేఫ్టీ రేజర్ 1903లో అమ్మకానికి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకు అదే ఇచ్చారు. వాళ్లలో చాలామంది ఇంటికొచ్చాక మళ్లీ కత్తి పట్టలేదు. అలా యూరప్, అమెరికాల్లో లక్షల కత్తులు సొరుగుల్లోకి, అటకల మీదకి చేరాయి. అవే ఇప్పుడు వేలానికి వస్తున్నాయి. తాత సామాన్లు సర్దేవాళ్లు ఉన్నంతకాలం ఆ సరుకు ఆగదు. కొనేవాళ్లు మాత్రం మీలాంటి కొద్దిమంది. నిజంగా అరుదైనవి కొన్ని ఉంటాయి, వాటి ధర పెరుగుతుంది కూడా. కానీ 60 డాలర్లకు దొరికింది అరుదైనది కాదు.

ధర సరే, కనీసం సరుకైనా నిలుస్తుందా? అదీ అనుమానమే. పాత కత్తుల పిడులు చాలావరకు సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌తో చేసినవి. అది పాతబడి చెడినప్పుడు ఆమ్ల ఆవిరి వదులుతుంది. దానివల్ల ఆ కత్తికే కాదు, అదే పెట్టెలో పక్కనున్న కత్తులకూ తుప్పు పడుతుంది. మీ ఎనిమిదింటిలో కొన్నింటికి పట్టింది అదే కావచ్చు. ముట్టుకుంటే జిగురుగా ఉన్న పిడి గానీ, కర్పూరం వాసన ఘాటుగా వచ్చే పిడి గానీ కనిపిస్తే ఆ కత్తిని ఇవాళే వేరే డబ్బాలో పెట్టండి. ఏనుగు దంతం పిడి ఉన్నవాటి జోలికి మాత్రం అసలు వెళ్లకండి. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం దంతం దిగుమతినీ, వ్యాపారాన్నీ ఒప్పుకోదు. వందేళ్ల నాటి వస్తువండీ అంటే కస్టమ్స్ వాళ్లు వినరు.

ఇక ఒక్క కత్తికి అసలు ఎంత పడుతోందో చూడండి. వేలంలో 60 డాలర్లు, షిప్పింగ్ 25. డాలరు రూ.88 అనుకుంటే రూ.7,480. విదేశీ లావాదేవీ కాబట్టి మీ కార్డు 3.5 శాతం మార్కప్ (అదనపు రుసుము) వేస్తే, దాని మీద జీఎస్టీతో కలిపి ఇంకో రూ.309. ఆపైన మీరు చెప్పిన రూ.3,100. మొత్తం రూ.10,889. తెర మీద రూ.5,280 అని కనిపించిన కత్తి ఇంటికొచ్చేసరికి రెట్టింపు దాటింది. ఇదే కత్తిని ఇక్కడ ఇంకొకరికి అమ్మబోతే నాలుగైదు వేలు ఇస్తారేమో. అంటే పార్శిల్ గుమ్మంలోకి వచ్చిన రోజే సగానికి పైగా పోయింది. మిగతా సగాన్ని బ్యాంకు వడ్డీ తింటోంది. ‘క్షవరమైతే గానీ వివరం తెలియదు’ అన్న సామెతకు ఇంతకంటే అతికిన సందర్భం నాకు ఇంకోటి తగల్లేదు.

బ్లేడ్ల ఖర్చు మిగలడం గురించి పెద్దగా చెప్పాల్సిన పని లేదు. కిరాణా కొట్లో దొరికే డబుల్ ఎడ్జ్ బ్లేడు ఒకటి ఆరు రూపాయలనుకుందాం, ఐదుసార్లు వస్తుంది. వారానికి నాలుగుసార్లు గీసుకునే మనిషికి ఏడాదికి రూ.250. నెలకో ఖరీదైన కార్ట్రిడ్జ్ వాడినా ఏడాదికి మూడు వేలు. మీరు పెట్టిన రూ.3.4 లక్షలు కార్ట్రిడ్జ్ లెక్కన రాబట్టుకోవాలంటే 113 ఏళ్లు కావాలి. మామూలు బ్లేడు లెక్కన ఎంతో నేను రాయను, మీరే భాగించి చూసుకోండి.

కాబట్టి ఇది ఖర్చు. సరదా కోసం చేస్తున్న ఖర్చు. సంపాదించే మనిషికి సరదా ఖర్చు ఉండొచ్చు, ఉండాలి కూడా. పెట్టుబడి అని పేరు పెట్టుకున్నన్నాళ్లూ దానికి హద్దు ఉండదు. ఎందుకంటే పెట్టుబడి ఎంత పెడితే అంత మంచిదని మనసుకు తోస్తుంది. ఖర్చని ఒప్పుకున్న రోజున ‘నెలకు ఎంత?’ అన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. దానికి జవాబు ప్రస్తుతానికి సున్నా. ఎప్పటిదాకా అన్నది మీ కార్డు బాకీ తేలుస్తుంది.

బాకీ రూ.1.42 లక్షల మీద నెలకు 3.6 శాతం వడ్డీ అనుకుంటే రూ.5,112. దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.920. మొత్తం రూ.6,032. మినిమమ్ డ్యూ 5 శాతం, అంటే రూ.7,100 మీరు కడుతుంటే, అసలు తగ్గేది వెయ్యి రూపాయల పైచిలుకు మాత్రమే. చాలామంది గమనించని సంగతి ఇంకోటుంది. పాత బాకీ మిగిలి ఉన్నప్పుడు కొత్తగా కొన్నవాటికి ఆ యాభై రోజుల వడ్డీ లేని గడువు ఉండదు. కార్డు గీకిన రోజు నుంచే వడ్డీ మొదలు. ఈ నాలుగు నెలల్లో కొన్న ప్రతి కత్తీ మొదటి రోజు నుంచీ అప్పు మీద వచ్చినదే.

ముందు ఆ వడ్డీ రేటును దించాలి. మీ జీతం పడే బ్యాంకులో పర్సనల్ లోన్ అడగండి. 14 శాతానికి 18 నెలలకు తీసుకుంటే ఈఎంఐ రూ.8,790 చుట్టూ వస్తుంది, మొత్తం వడ్డీ రూ.16,000 పైన. కార్డు మీద మూడు నెలల్లో పోయేదాని కంటే తక్కువ. ప్రాసెసింగ్ ఫీజు ఎంతో అడగండి. ఇవి చాలావరకు స్థిర వడ్డీ లోన్లు కాబట్టి గడువుకు ముందే తీరిస్తే చార్జీ ఏమైనా ఉందా, మధ్యలో కొంత కట్టనిస్తారా అని కూడా సంతకం చేయకముందే తేల్చుకోండి. కార్డు బ్యాంకే బాకీని ఈఎంఐలుగా మారుస్తానంటే ఆ రేటు కూడా చూసి ఏది తక్కువైతే అది తీసుకోండి. పీఎఫ్ ముట్టుకోవద్దు. ఇంట్లో బంగారం కుదువ పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. మీ ఆవిడ గాజులు పెట్టి కత్తుల అప్పు తీర్చిన కథ మీ అత్తగారింట్లో మూడు తరాలు చెప్పుకుంటారు.

లోన్‌తో కార్డు బాకీ తీరిన రోజు ప్రమాదకరమైన రోజు. లిమిట్ మొత్తం ఖాళీగా, పచ్చగా కనిపిస్తుంది. ఇలా తీర్చుకున్నవాళ్లు ఆరు నెలలు తిరిగేసరికి అటు లోన్, ఇటు మళ్లీ నిండిన కార్డుతో నా దగ్గరికి రావడం నాకు కొత్త కాదు. అందుకని బాకీ తీరిన రోజే రెండు పనులు చేయండి. కార్డు లిమిట్‌ను రూ.50,000కు తగ్గించమని బ్యాంకుకు రాయండి. ఇంటి సరుకులకు, పెట్రోలుకు అది చాలు. తర్వాత కార్డు యాప్‌లోకి వెళ్లి అంతర్జాతీయ లావాదేవీలు ఆపేయండి. 2020లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన నిబంధన వల్ల ఈ మీట మన చేతిలోనే ఉంది. అవును, మళ్లీ ఆన్ చేయడం అర నిమిషం పని. కానీ తెల్లవారుజామున నిద్రమత్తులో యాప్ తెరిచి, ఓటీపీ కొట్టి ఆన్ చేసేలోపు వేలం ముగిసిపోతుంది. ఆ మాత్రం అడ్డు చాలాసార్లు సరిపోతుంది. వేలాల సైటులో దాచిన కార్డును, వాచ్‌లిస్టును, మెయిల్ అలర్టులను కూడా తీసేయండి.

ఇప్పుడు ఉన్న కత్తుల సంగతి. ఎన్ని ఉంచుకోవాలని మీరు అడగలేదు గానీ, అడగాల్సింది అదే. వారానికి నాలుగు షేవ్‌ల చొప్పున 31 కత్తులూ ఒక చుట్టు తిరిగి రావాలంటే దాదాపు ఎనిమిది వారాలు. సంక్రాంతికి వాడిన కత్తి వంతు మళ్లీ శివరాత్రి దాటాక వస్తుందన్నమాట. కత్తికి విశ్రాంతి కావాలని పాతకాలం వాళ్లూ నమ్మేవారు. 19వ శతాబ్దపు యూరప్‌లో కలవారి కోసం ఏడు కత్తుల పెట్టెలు తయారు చేసేవారు. ఒక్కో కత్తి వెన్ను మీద వారం పేరు చెక్కి ఉండేది, ఆదివారానికి ఒకటి, సోమవారానికి ఒకటి. మీకు ఈ సంగతి నాకంటే బాగా తెలిసే ఉంటుంది. నౌకర్లను పెట్టుకుని గడ్డం గీయించుకున్న దొరలకే ఏడు సరిపోయాయి. మీకూ ఏడు చాలు. మీ హాబీయే ఇచ్చిన హద్దు కాబట్టి ఇది మీ మనసుకు ఎక్కుతుందని నా ఆశ. గత మూడు నెలల్లో నిజంగా ముఖానికి తగిలినవే ఆ ఏడులో ఉండాలి. అందంగా ఉన్నాయని కాదు.

మిగిలిన 24 అమ్మేయండి. విప్పని నాలుగు పార్శిళ్లతో మొదలుపెట్టండి, వాటితో మీకింకా చుట్టరికం కలవలేదు. మన దేశంలో ఇవి కొనే హాబీవాళ్లు తక్కువే గానీ ఉన్నారు. వాళ్లకు కావలసింది పెట్టె తీయగానే గీసుకునేలా పదునున్న కత్తి. పదును పెట్టని కత్తికి ధర రాదు. తుప్పులేని 16 కత్తులు సగటున రూ.4,000కు, తుప్పు పట్టిన ఎనిమిది రూ.1,500కు పోయాయనుకున్నా రూ.76,000 చేతికొస్తుంది. ఇది నా అంచనా, ఇంతకంటే ఎక్కువ ఆశపెట్టుకోకండి. కొన్న ధర గుర్తు చేసుకుంటూ కూర్చుంటే ఒక్కటీ అమ్మలేరు. అంచున చిన్న ముక్క ఊడినా, పిడి పగిలినా ఫొటోలో చూపించి రాయండి. ఆ డబ్బు నేరుగా లోన్‌లోకి వెళ్లాలి. నాలుగు నెలల్లో అమ్మకాలు పూర్తయితే, బ్యాంకు మధ్యలో కట్టనిస్తే, 18 నెలల లోన్ తొమ్మిదో నెలకల్లా తీరిపోతుంది.

ఆ ఎనిమిది కత్తుల మీద నాకు ఇంకో ఆలోచన ఉంది. మీ దగ్గర సానరాళ్లు, తోలు పట్టీ ఎలాగూ ఉండే ఉంటాయి. వాటికి డబ్బు ఎప్పుడో పెట్టేసి ఉంటారు. వేలం చూసే ఆ తెల్లవారు గంటను ఈ పనికి ఇవ్వండి. ముందు సన్న ఇసుక కాగితంతో తుప్పు, తర్వాత రాయి మీద అంచు నిలబెట్టడం, సన్న రాయి మీద నునుపు చేయడం, చివర తోలు మీద యాభై అరవై సార్లు రుద్దడం. చేతి వెంట్రుక చర్మానికి ఆనకుండానే తెగిందంటే కత్తి సిద్ధం. ఒక్కోటి తెమలడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. అలా తయారైన కత్తికి రూ.1,500 బదులు రూ.3,000 అడగొచ్చు. ఎనిమిదీ అలా అమ్మితే అదనంగా రూ.12,000. డబ్బు కంటే ముఖ్యం, మీ చేతులకు పని దొరుకుతుంది. కొనడం ఆపిన హాబీదారుకు మొదటి రెండు నెలలు కష్టమయ్యేది చేతులు ఊరికే ఉండలేక.

లోన్ తీరాక మళ్లీ కొనొచ్చు. ఒక వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి నెలకు రూ.2,000 అందులోకి ఆటోమేటిగ్గా వెళ్లేలా పెట్టండి. కత్తి, రాయి, సబ్బు, సుంకం ఏదైనా ఆ ఖాతా డెబిట్ కార్డుతోనే. ఆరు నెలలు ఆగితే రూ.12,000, అంటే పైన లెక్క వేసిన లాంటి కత్తి ఒకటి. ఎనిమిదోది ఇంట్లోకి రావాలంటే ఏడింటిలో ఒకటి ముందు అమ్ముడుపోవాలి, ఆ డబ్బు కూడా ఈ ఖాతాకే. ఫిలార్మోనికా అప్పుడు కొనండి, నాకు అభ్యంతరం లేదు. నిజానికి అప్పు లేకుండా, ఏడాది ఎదురుచూసి, ఒక మంచి కత్తి కొనుక్కునే మనిషంటే నాకు గౌరవం.

మీ ఆవిడకు చెప్పండి. లోన్ మంజూరయ్యాక కాదు, అప్లై చేసే ముందు. స్టేట్‌మెంట్, కత్తుల జాబితా, అమ్మబోయే 24 పేర్లు, పైన రాసిన లెక్క ఒక కాగితం మీద పెట్టి చెప్పండి. ‘ఇంత అప్పు చేశాను’ అని ఆపేస్తే గొడవవుతుంది. ‘ఇంత చేశాను, ఇలా తీరుస్తున్నాను, కార్డు లిమిట్ తగ్గిస్తున్నాను’ అంటే కూడా గొడవవుతుంది గానీ, ఓ పూటలో సర్దుకుంటుంది. దాచిన అప్పు బయటపడే చోటు ఎప్పుడూ అడ్డదిడ్డంగానే ఉంటుంది. ఇంటికి కొరియర్ రావడమో, బ్యాంకు వాళ్ల ఫోన్ ఆవిడ ఎత్తడమో చాలు.

ఇవన్నీ చేశాక కూడా వేలం వైపు మనసు లాగేస్తూ, నిద్ర పాడవుతూ, దొంగచాటుగా కొనడం ఆగకపోతే అది బడ్జెట్‌తో తెగే సమస్య కాదు. ఒకసారి కౌన్సెలర్‌ను కలవండి. ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

చివరగా పాప సంగతి. ఖర్చులు పోను మీ చేతిలో నెలకు రూ.20,000 మిగలాలి. లోన్ ఈఎంఐ తీసేస్తే రూ.11,000 పైన. ఆపేసిన సిప్‌ను మొత్తం కాకపోయినా రూ.5,000తో వచ్చే నెలే మొదలుపెట్టండి. పాప పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతా ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే పదేళ్లు నిండకముందే తెరవాలి, ఇది రాసే నాటికి వడ్డీ 8.2 శాతం. ఉంటే ఈ ఏడాది కనీసం రూ.250 అయినా వేశారేమో చూడండి. వేయకపోతే ఖాతా డిఫాల్ట్‌లో పడుతుంది, మళ్లీ సరిచేయించుకోవడానికి ఏడాదికి రూ.50 జరిమానా కట్టాలి. మిగతా ఆరు వేలు ఆర్డీలోనో, విడి సేవింగ్స్‌లోనో అత్యవసరానికి పెట్టుకోండి, ఫ్లాట్ ఈఎంఐ ఒక్కటైనా అందులోంచి కట్టగలిగే దాకా. మొదటి పది కత్తులు అమ్ముడయ్యాక లోన్ స్టేట్‌మెంట్‌తో మళ్లీ రాయండి. ఆ డబ్బుతో ఈఎంఐ తగ్గించుకోవాలా, నెలలు తగ్గించుకోవాలా అన్నది అప్పుడు లెక్క వేసి చెబుతాను.